నెగెటివ్ కోసమే ఫిల్ము

సంపాదకులకు నమస్కారం.

ఫిల్ము కెమెరాలు మళ్లీ కుర్రకారు మెడల్లో కనబడుతున్నాయంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. డిజిటల్ ఫొటోలో లేని ‘ఆత్మ’ ఏదో ఫిల్ములో ఉందనీ, అందుకే కొందరు దాన్ని వదలడం లేదనీ రాశారు. ఆత్మ సంగతి నేను చెప్పలేను. ఫిల్ము పట్టుకుని ఉన్నవాళ్లకు చెప్పుకోదగ్గ కారణాలు మాత్రం వేరే ఉన్నాయి, అవి వ్యాసంలో ఎక్కడా రాలేదు. పైగా అది చదివి రేపు ఒక పాత కెమెరా, నాలుగు రోళ్లు కొనేవాళ్లు డబ్బు తగలేసుకుని ‘ఫిల్మంటే ఇంతేనా’ అనుకునే ప్రమాదమే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా రాయాల్సి వచ్చింది.

ముందు ఫిల్ము ఓడిపోయే చోట్లు ఒప్పేసుకుందాం. 35 ఎం.ఎం. ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 400 స్పీడు (వెలుతురుకు ఫిల్ము ఎంత చురుకో చెప్పే అంకె) రోలు మీద తీసిన ఆ ఫ్రేము కన్నా, అంతే సైజు సెన్సరున్న ఇప్పటి డిజిటల్ కెమెరా ఎక్కువ వివరం చూపిస్తుంది. రాత్రి పెళ్లిలో 6400 స్పీడు మీద తీయాల్సి వస్తే ఫిల్ము జోలికి పోకపోవడమే తెలివి. ఇక ఖర్చు. రోలు ధర, కడిగించిన ఖర్చు, స్కాను ఖర్చు మూడూ కలిపి 36తో భాగించి చూసుకోండి. ఒక్క క్లిక్కు ఎంతవుతుందో తెలిశాక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగిపోవడంలో తప్పూ లేదు. ‘తెరమీద వెంటనే కనబడదు కాబట్టి ఆలోచించి తీస్తాం’ అనే మాట నిజమే కానీ, డిజిటల్ కెమెరా వెనక తెరకు ఒక నల్ల టేపు అంటిస్తే ఆ క్రమశిక్షణ పైసా ఖర్చు లేకుండా వస్తుంది. దాన్ని పెద్ద కారణంగా నేను లెక్కలోకి తీసుకోను.

అసలు కారణం వెలుతురు ఎక్కువైన చోట కనబడుతుంది. సెన్సరులో ఒక్కో పిక్సెల్ పట్టగలిగే వెలుతురుకు హద్దుంది. అది నిండాక ఇంకెంత పడినా లెక్క గరిష్ఠ అంకె (మామూలు ఫైల్లో 255) దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఉత్త తెలుపు తప్ప ఏమీ మిగలదు, తర్వాత కంప్యూటర్లో ఎంత గింజుకున్నా రాదు. నెగెటివ్ ఫిల్ము అలా ఒక్కసారిగా తెగిపోదు. వెలుతురు పెరిగేకొద్దీ నల్లబడటం నెమ్మదిస్తుందే గాని ఆగదు. మధ్యాహ్నం రెండింటికి ఆరుబయట తెల్లపంచె, దాని జరీ అంచు, నుదుటి మీద చెమట మెరుపు, వెనక సున్నం కొట్టిన గోడ: ఇవన్నీ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నెగెటివ్ ఫిల్ముకు రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు ఇచ్చినా పంచె మడతలు నిలుస్తాయి.

నీడల్లో లెక్క తిరగబడుతుంది. డిజిటల్‌లో నీడను మూడు స్టాపులు పైకి లాగినా ఎంతోకొంత వివరం వస్తుంది. ఫిల్ములో నీడకు చాలినంత వెలుతురు అందకపోతే అక్కడ ఏదీ నమోదే కాదు. లాగితే వచ్చేది బురద రంగు, ముతక గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు). డిజిటల్ నుంచి ఫిల్ముకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి రోలు పాడయ్యేది ఇక్కడే. మెరుపులు (బాగా వెలుగు పడిన చోట్లు) పోకూడదని అలవాటు కొద్దీ కొంచెం తక్కువ ఎక్స్‌పోజర్ (వెలుతురు) ఇస్తారు. అదే అలవాటు ఫిల్ము గొంతు కోస్తుంది. ఫిల్ముకు వెలుతురు కొలిచే మీటరు పెట్టాల్సింది నీడ మీద. అనుభవం లేనివాళ్లకు సులువైన దారి ఒకటుంది: రోలు మీద 400 అని ఉంటే మీటరును 200కి తిప్పుకోవడం. కోడాక్ పోర్ట్రా 400, గోల్డ్ 200, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ వంటివన్నీ ఆ ఒక్క స్టాపును సంతోషంగా భరిస్తాయి. మీటరు పనిచేయని కెమెరా అయితే, నిండు ఎండలో 400 రోలుకు 1/500 సెకను, ఎఫ్/16 (కటకం రంధ్రం సైజు; అంకె పెరిగితే రంధ్రం చిన్నది) అన్నది పాత లెక్క. అనుమానంగా ఉంటే ఎఫ్/11 పెట్టండి, ఎఫ్/22 మాత్రం వద్దు. స్లైడు ఫిల్ము (నెగెటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది) దీనికి మినహాయింపు. అది అర స్టాపు తేడాకే మొహం మాడ్చుకుంటుంది, మెరుపుల విషయంలో డిజిటల్ కన్నా కఠినం. మొదటి రోలుగా స్లైడు కొనకండి.

రాత్రి దీపాల వెలుగులో గోపురమో, కోనేరో తీసేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఒక సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో ఫిల్ము వేగం పడిపోతుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు ఇల్ఫర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం మీటరు 10 సెకన్లు చూపితే 20 సెకన్లు ఇవ్వాలి. మీటరును నమ్మి పదికే ఆపేస్తే నెగెటివ్ పలచగా వస్తుంది, నింద రోలు మీద పడుతుంది. ఫ్యూజీ ఆక్రోస్‌కు రెండు నిమిషాల దాకా ఈ బాధ లేదు.

రెండో కారణం సైజు. 35 ఎం.ఎం.కే పరిమితమైతే ఫిల్ము వాదన బలహీనమే, కానీ 120 రోలు (అంతకన్నా వెడల్పైన ఫిల్ము) సంగతి వేరు. మన స్టూడియోల్లో ఒకప్పుడు పెళ్లిళ్లన్నీ తీసిన యాషికా మ్యాట్ 124జీ వంటి రెండు కళ్ల కెమెరా 56×56 మిల్లీమీటర్ల నెగెటివ్ ఇస్తుంది. 35 ఎం.ఎం. ఫ్రేముకు అది మూడున్నర రెట్లకు పైనే. అంత సైజు సెన్సరు డిజిటల్‌లో మామూలు కెమెరాల్లో దొరకదు. దానికి దగ్గరగా వచ్చేవాటి ధర కారు ధరతో పోటీ పడుతుంది. రోలుకు 12 ఫొటోలే. ఒక మనిషి బొమ్మకు, ఒక పాత మేడకు ఆ పన్నెండు చాలు. బరోడాలో తయారై మన ఇళ్లలో చాలాకాలం తిరిగిన ఆగ్ఫా క్లిక్ 3 కూడా 120 రోలు కెమెరాయే. దాని కటకం సాదాసీదా, షట్టర్ వేగం దాదాపు ఒకటే. ఇప్పటి 100 స్పీడు రోలు వేసి ఎండలో తీస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. నీడలో మాత్రం ఆశపడకండి.

మూడోది, నా దృష్టిలో మొదటిది, నెగెటివే. అది తెరిచి చూడటానికి పాస్‌వర్డు, యంత్రం అక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగెటివ్‌లు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిని దీపం ముందు పెడితే బొమ్మ కనబడుతుంది. పదేళ్ల కిందటి హార్డ్‌డిస్కు గురించి అంత ధీమాగా ఎవరూ చెప్పలేరు. అలాగని ‘ఫిల్ము శాశ్వతం’ అని మీ వ్యాసం అన్నదీ సగమే నిజం. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, సరిగ్గా కడిగి ఉంటే తరాలు నిలుస్తుంది. కలర్ నెగెటివ్‌లో వెండిని తీసేసి రంగులే మిగులుస్తారు, ఆ రంగులు వేడికి వెలిసిపోతాయి. రెంటికీ ఆధారం అసిటేట్ పొర. తేమ, వేడి కలిస్తే అది కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. మన కోస్తా జిల్లాల్లో ఆ రెండూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటాయి.

ఇంత ముఖ్యమైన నెగెటివ్‌నే ఇప్పుడు ఫిల్ము వాడే చాలామంది ల్యాబ్‌లో వదిలేసి వస్తున్నారు. ఫోనుకు స్కాన్లు వస్తాయి, వాళ్లకది చాలు. నెగెటివ్ వెనక్కి తీసుకోనివాడు ఖరీదైన దారిలో డిజిటల్ ఫొటో తీసుకున్నట్టే లెక్క. ఆ స్కాన్లలో కనబడే ‘ఫిల్ము రంగు’లో సగం ఫ్రాంటియర్, నోరిట్సు వంటి ల్యాబ్ స్కానర్ల ఆటోమేటిక్ సర్దుబాటుదే. ఒకే నెగెటివ్‌ను రెండు ల్యాబ్‌లలో స్కాన్ చేయిస్తే రెండు రంగుల్లో వస్తుంది.

కలర్ రోళ్లు కడిగే సీ-41 పద్ధతి సున్నితమైనది. డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రవం) 37.8 డిగ్రీల దగ్గర, డిగ్రీలో ఆరో వంతుకు మించి తేడా రాకుండా, 3 నిమిషాల 15 సెకన్లు. మెషీన్లోని ద్రవం రోళ్లు నడిచేకొద్దీ కొత్తది కలుపుకుంటూ ఉండేలా తయారైంది. రోజంతా రోళ్లు వచ్చిన కాలంలో అది తనంతట తాను తాజాగా ఉండేది. ఇప్పుడు వారానికి కొన్ని రోళ్లే వస్తే ట్యాంకులో ద్రవం గాలికి ఆక్సీకరణమై బలం పోగొట్టుకుంటుంది. అప్పుడు నీడలు ఒక రంగుకు, మెరుపులు ఇంకో రంగుకు తిరుగుతాయి. దాన్ని ఏ స్కానరూ పూర్తిగా సరిచేయలేదు. అందుకే రోలు ఇచ్చేముందు మొహమాటపడకుండా అడగండి: మెషీన్ ఏ రోజుల్లో నడుపుతారు, కంట్రోల్ స్ట్రిప్ (ద్రవం సరిగా ఉందో లేదో చూపే పరీక్ష ఫిల్ము ముక్క) వేసి చూస్తారా, స్కాను ఎన్ని పిక్సెళ్లు, నెగెటివ్‌లు కవర్లో పెట్టి ఇస్తారా. కంట్రోల్ స్ట్రిప్ అంటే ఏమిటని ఎదురు అడిగే చోట కలర్ రోలు ఇవ్వకండి.

ఇంకో జాగ్రత్త. సినిమాకు వాడే కలర్ నెగెటివ్‌ను చిన్న రోళ్లుగా చుట్టి చవగ్గా అమ్ముతున్నారు. వీటిలో కొన్నిటికి వెనకవైపు నల్లటి కార్బన్ పూత ఉంటుంది. దాన్ని ముందే తొలగించని రోలు మామూలు సీ-41 మెషీన్లో పడితే ఆ మసి ట్యాంకులన్నిటికీ అంటి, తర్వాత వచ్చే అందరి రోళ్లనూ పాడుచేస్తుంది. రోలు కొన్నప్పుడే పూత ఉందో లేదో అడిగి, ఉంటే ల్యాబ్‌కు చెప్పి ఇవ్వండి. విమానంలో వెళ్లేవాళ్లు రోళ్లను లగేజీలో వేయకూడదు, చేతిసంచిలో పెట్టుకుని చేత్తో తనిఖీ చేయమని అడగాలి. కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మును మసకబార్చగలవు.

బ్లాక్ అండ్ వైట్‌కు వస్తే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. ఊటీలో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము, పేపరు తీసిన రోజుల్లో జిల్లా కేంద్రాల్లో కూడా ఫిల్ము కడిగే మందులు దొరికేవి. ఇప్పుడు ఆ కంపెనీ లేదు. కంపెనీ ప్యాకెట్ల కోసం ఎదురుచూడకుండా, కాలేజీ ప్రయోగశాలలకు సరుకు వేసే కెమికల్ దుకాణాల్లో విడిగా కొని కలుపుకోవచ్చు. డీ-76 డెవలపర్ పాళ్లు రహస్యమేమీ కాదు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీరు లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బొరాక్స్ 2 గ్రాములు. 750 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లను 50 డిగ్రీల దాకా వేడిచేసి, చిటికెడు సల్ఫైట్ వేసి, ఆ తర్వాత మెటాల్ పూర్తిగా కరిగించాలి. సల్ఫైట్ మొత్తం ముందే వేస్తే మెటాల్ కరగదు; చిటికెడైనా వేయకపోతే మెటాల్ గాలికి పాడవుతుంది. తర్వాత మిగతా సల్ఫైట్, హైడ్రోక్వినోన్, బొరాక్స్ వరసగా వేసి లీటరుకు నింపాలి. దుకాణంలో సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. సీసా మీద చదివి తీసుకోండి, సల్ఫేట్‌తో కలిపింది పారబోయడానికే. మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది కనుక గ్లవ్స్ తప్పనిసరి. అంచు దాకా నింపిన సీసాలో ఆరు నెలలు ఉంటుంది, సగం ఖాళీ అయితే రెండు నెలలు. తేనె రంగు దాటి గోధుమ రంగుకు వచ్చినదాన్ని నమ్మకండి. ఒక రోజు వేచి, చల్లారాక వాడితే మంచిది.

హైపో (డెవలపర్ తర్వాత బొమ్మను నిలబెట్టే ఫిక్సర్) ఇంకా సులువు. గడ్డల హైపో 250 గ్రాములు, సోడియం సల్ఫైట్ 15 గ్రాములు, నీళ్లతో లీటరు. హైపో కరిగేటప్పుడు నీళ్లను చల్లబరుస్తుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి.

మన దగ్గర అసలు సమస్య నీళ్ల వేడి. పుస్తకాల్లోని కాలాలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు 35 దాటుతాయి. హెచ్‌పీ5 ప్లస్‌ను డీ-76లో సగానికి సగం నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు డెవలప్ చేయాలి. 24 డిగ్రీలకు అది సుమారు ఏడుముప్పావు నిమిషాలవుతుంది. 30కి పోతే ఐదు నిమిషాల లోపుకు దిగిపోతుంది, అంత తక్కువ కాలంలో డెవలప్‌మెంటు ఫ్రేమంతా సమంగా జరగదు, ఆకాశంలో చారలు పడతాయి. పైగా ఫిల్ము మీది జెలటిన్ పూత (ఎమల్షన్) మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. కాబట్టి 24కు దించుకోండి, అంతకన్నా కిందికి పోనక్కర్లేదు. ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో పది లీటర్ల నీళ్లు పోసి, ఫ్రీజర్లో గడ్డకట్టించిన లీటరు సీసాలు రెండు అందులో వదిలి, డెవలపర్, కడిగే నీళ్లు, హైపో సీసాలన్నీ అందులోనే నిలబెట్టండి. అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉండటమే ముఖ్యం. డెవలపర్ 24లో, కడిగే నీళ్లు కుళాయి నుంచి 36లో అయితే ఎమల్షన్ ముడతలు పడే ప్రమాదం ఉంది.

చీకట్లో రోలును రీలుకు (డెవలపింగ్ ట్యాంకులో ఫిల్ము చుట్టి పెట్టే చక్రానికి) ఎక్కించడం మొదట్లో అందరినీ ఏడిపిస్తుంది. ప్లాస్టిక్ రీలు ఎముకలా పొడిగా ఉండాలి. చేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరబడని సంచిలో) చేతులు ఐదు నిమిషాల్లో చెమటపడతాయి, తడికి ఫిల్ము అతుక్కుని ముందుకు పోదు. ఫ్యాను కింద కూర్చుని, రీలును ముందుగా హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, ఫిల్ము మొదటి రెండు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించి ఎక్కించండి. పాడైన రోలొకటి దగ్గర పెట్టుకుని పగలు కళ్లు తెరిచి కొన్నిసార్లు, కళ్లు మూసుకుని కొన్నిసార్లు సాధన చేయకుండా అసలు రోలు ముట్టుకోవద్దు.

ట్యాంకులో ఒక 35 ఎం.ఎం. రోలుకు 300 మిల్లీలీటర్లు, 120 రోలుకు 500 పడతాయి. డెవలపర్ పోయగానే ట్యాంకును నేలకు రెండుసార్లు గట్టిగా తట్టండి, బుడగలు వదులుతాయి. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయడం, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. డ్రైవర్ గేరు మార్చినట్టు ఒకే లయలో ఉండాలి. ఎక్కువ ఊపితే ఫొటోలో పళ్ల రంధ్రాల పక్కన తెల్లటి చారలు వస్తాయి. డెవలపర్ పారబోసి, నీళ్లతో ఒకసారి తొలిచి, హైపో పది నిమిషాలు. హైపో బలం తెలుసుకోవాలంటే ఫిల్ము ముందు మొనలో ముక్క కత్తిరించి వెలుతురులోనే అందులో వేయండి. పాలలా ఉన్న ముక్క తేటపడటానికి పట్టిన కాలానికి రెట్టింపు ఉంచాలి. కొత్తగా కలిపినప్పటి కన్నా తేటపడే కాలం రెట్టింపైన రోజు ఆ హైపోను మార్చేయాలి.

కడగడానికి పారే కుళాయి అక్కర్లేదు. ట్యాంకు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయండి; మళ్లీ నింపి పదిసార్లు, ఇంకోసారి నింపి ఇరవైసార్లు. ఇది ఇల్ఫర్డ్ చెప్పిన పద్ధతి, కంపెనీ దీన్ని త్వరగా పనిచేసే ఫిక్సర్‌కు చెప్పింది. మన గడ్డల హైపోకు ఇంకో రెండు నింపులు కలిపితే నిశ్చింత. చివరి తొలుపు మాత్రం బోరు నీళ్లతో వద్దు. సున్నం నీళ్లు ఆరిన చోట తెల్ల మచ్చలు మిగిలి, స్కాన్లో ఒక్కొక్కటీ చందమామలా కనబడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీళ్లలో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపి ముంచి, తుడవకుండా, ఫ్యాను ఆపేసిన బాత్రూములో వేలాడదీయండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. దాన్ని బావి పక్కన, చెరువులో పోయకండి. బకెట్లో స్టీల్ ఊల్ వేసి రెండు మూడు రోజులుంచితే వెండి నల్లటి మడ్డిగా అడుగున చేరుతుంది.

ఆరిన నెగెటివ్‌ను చదవడం నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్టే. అంచున అచ్చయిన కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో వేసినవి, అవే సాక్షులు. అంకెలు నల్లగా ఉండి బొమ్మలు పలచగా ఉంటే తప్పు కెమెరా దగ్గర, వెలుతురు చాలలేదు. అంకెలు కూడా వెలవెలబోతే తప్పు డెవలపర్ది. అంకెలున్నాయి, బొమ్మలే లేవంటే రోలు కెమెరాలో కదలనే లేదు. లోడు చేసి వైండ్ చేసేటప్పుడు రివైండ్ గుబ్బ తిరుగుతోందో లేదో చూడలేదన్నమాట. అంకెలూ లేవు, ఫిల్మంతా అద్దంలా తేటగా ఉందంటే డెవలపర్ కన్నా ముందు హైపో పోశారు. పాలలా మసకగా ఉంటే హైపో చాలలేదు, మళ్లీ హైపోలో వేస్తే బాగవుతుంది. నెలవంకల్లాంటి మచ్చలు రీలుకు ఎక్కించేటప్పుడు ఫిల్ము మడతపడిన చోట్లు. ఈ తేడాలు తెలియక ఫిల్మునో, ల్యాబ్‌నో తిట్టేవాళ్లే ఎక్కువ. ల్యాబ్‌ను తిట్టాల్సిన సందర్భాలు లేవని కాదు, ముందు అంచు చూసి తిట్టండి.

పాత కెమెరా కొనేటప్పుడు వెనక మూత తెరిచి, కటకం దీపం వైపు తిప్పి, షట్టర్ అన్ని వేగాల్లోనూ నొక్కి చూడాలి. ఒక సెకను ఒక సెకనులా వినబడాలి. లోపలి గ్రీజు గట్టిపడితే నెమ్మది వేగాలు మధ్యలో ఆగి ఆగి పోతాయి. 1/1000 దగ్గర తెల్ల గోడ వైపు చూస్తూ నొక్కితే ఫ్రేమంతా వెలుగు కనబడాలి, ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్ కర్టెన్లు సరిగా నడవనట్టు. మూత అంచుల్లో నల్ల స్పాంజి వేలికి జిగటగా అంటితే వెలుతురు కారుతుంది. గీకేసి ఊలు దారమో, నల్ల స్పాంజో అంటించుకోవచ్చు, పెద్ద పని కాదు. కటకంలో సాలెగూడులాంటి బూజు ఉంటే బేరం ఆడకుండా వెనక్కి తిరగండి. పాత మీటర్లు కొన్ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి తయారైనవి, అవి ఇప్పుడు రావు. వాటి చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే మీటరు తప్పు చూపి ఫొటోలు చీకటిగా వస్తాయి. చెవి మిషన్లకు వాడే 675 జింక్ బ్యాటరీ 1.4 వోల్టులు, అది దగ్గరగా సరిపోతుంది; మీది స్టిక్కరు పీకాక కొన్ని వారాలే నడుస్తుంది. కొత్తది కావాలంటే పెంటాక్స్ 2024లో తెచ్చిన ‘17’ ఉంది, ఒక రోలుకు 72 సగం ఫ్రేములు. నా మటుకు అది విహారయాత్రల కెమెరా.

ఇంట్లో స్కాన్ చేసుకునేవాళ్లకు ఒక్క మాట. దుమ్మును తనంతట తాను తీసేసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం మామూలు బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌ల మీద పనిచేయదు. వెండికీ దుమ్ముకూ దానికి తేడా తెలియదు, బొమ్మనే చెరిపేస్తుంది. దాన్ని ఆపేసి బ్లోయర్‌తో ఊదుకోండి.

చివరగా స్టూడియోల వారికి. మూతపడుతున్న పాత స్టూడియోల్లో దశాబ్దాల నెగెటివ్‌లు వెండి తీసేవాళ్లకు తూకానికి పోతున్నాయి. ఆ కట్టల్లో ఊరి పెళ్లిళ్లు, బడి గ్రూపు ఫొటోలు, ఇప్పుడు లేని వీధులు ఉంటాయి. అమ్మేముందు ఊళ్లోని గ్రంథాలయానికో, కాలేజీ చరిత్ర శాఖకో ఒకసారి కబురు పెట్టండి. ఇళ్లలో ఉన్నవాళ్లు వాటిని స్లాబు కింది అటక మీంచి ముందు దించాలి, ఇంట్లో అన్నిటికన్నా వేడి చోటు అదే. వెనిగర్ వాసన వచ్చేవాటిని వేరుచేసి గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టండి, గట్టి మూత డబ్బాలో బిగిస్తే ఆ ఆవిరే మిగతావాటినీ తినేస్తుంది. మంచివాటిని పాలీప్రొపిలీన్ కవర్లలో వేసి, బీరువా మధ్య అరలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. మెత్తటి పీవీసీ కవర్లు ఎండకాలంలో ఎమల్షన్‌కు అతుక్కుంటాయి. తేదీ, ఊరు, మనుషుల పేర్లు కవరు మీద పెట్టే కాగితపు చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా తేమకు పాకి అటువైపు దిగుతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ